చుక్క

అది పిట్ట కాదు,
తెరమీద ఎర్ర చుక్క.
ఆ సంగతి నాకు తెలుసు. అయినా పొద్దున్నే
కాఫీ పెట్టుకోకముందే దాని యోగక్షేమాలు కనుక్కుంటాను.

ఆ జులైలో పైన్ చెట్టు కొసన తాడుకు వేలాడుతూ
గూట్లోంచి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నది నేనే.
నా నెత్తిమీద తల్లి అరుపులు.
రెండు అగ్గిపెట్టెల బరువున్న పెట్టెను వీపున కట్టి
రొమ్ము దగ్గర పట్టీలను నూలుదారంతో కుట్టాను.
నూలే ఎందుకంటే, ఎప్పటికో ఒకప్పటికి పుచ్చి తెగాలి గనక.
ఇంకొకరి వీపుమీద మన కుతూహలం
జన్మంతా ఉండకూడదు గనక.
హల్లా అని పేరు పెట్టాను.
మా వైపు వేసవి రాత్రుల్లో చప్పుడు లేకుండా దిగి
బంగాళాదుంప మొక్కల్ని మాడ్చే మంచుకు ఆ పేరు.

ఆగస్టు చివర ఒక్కతే బయల్దేరింది.
తల్లి అప్పటికే వెళ్ళిపోయింది. దారి ఎవరూ చెప్పలేదు.
ఎస్తోనియా మీద వాన.
బెలారస్‌లో మూడు రోజులు ఒకే చెరువు.
మధ్యధరా మీద పదకొండు గంటలు కబురు లేదు.
ఆ రాత్రి మా ఆయన ఎస్కో అన్నాడు,
"నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంతసేపు మేలుకోలేదు నువ్వు."
నీళ్ళు నమిలాను.

సహారాను ఐదు పగళ్ళలో దాటి
నైజర్ నది వేళ్ళన్నీ విప్పి పడుకున్నచోట,
డెబో సరస్సు ఒడ్డున దిగింది.
ఏడాదిన్నర అక్కడే.
దాని చుక్కలన్నీ కలిపితే
ఎవరో పిల్లాడు పలకమీద గీసిన పిచ్చిగీతలు.
అవే నాకు ఉత్తరాలు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి చుక్క నడవడం మొదలెట్టింది.
చేపల గద్ద రాత్రిళ్ళు వేటాడదు.
గంటకు నాలుగు కిలోమీటర్లు, నీళ్ళమీద, తొందరేం లేనట్టు.
ఇంకో అంకె చూశాను. వేడి.
ఒంటికి ఆనుకుని ముప్పై దాటి ఉండాల్సింది
తెల్లవారుజామున పద్దెనిమిది.
బయట గాలి ఎంతో అదీ అంతే.
ల్యాప్‌టాప్ మూసి పాత్రలు కడిగాను, కడిగినవే మళ్ళీ.

మోప్తీ చేపల మార్కెట్ గుమాస్తాను పట్టుకుంటే
పదిహేను రోజులకు ఒక ఫోన్ నంబరు.
బామోయ్ కరబెంటా, బోజో జాలరి.
మేనల్లుడు ఫ్రెంచిలో చెబుతుంటే వెనకాల ఆయన గొంతు,
ఇంకా వెనకాల ఒక మేక.
"పిట్ట లేదమ్మా. బురదలో పెట్టె దొరికింది, అంతే.
దారం తెగుంది. ఈక లేదు, నెత్తురు లేదు.
ఆకాశంకేసి చూసే వస్తువులా ఉందని
పడవ కప్పుమీద కట్టాను."

అంటే నా నూలు మాట నిలబెట్టుకుంది,
నేననుకున్నదానికంటే చాలా ముందు.
హల్లా బతికుందో లేదో ఇక నాకు తెలీదు,
లోకంలో మిగతా పిట్టల గురించి తెలీనట్టే.

పెట్టె మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను.
మీద గుడ్డ కప్పండి, ఎండ తగలకపోతే ఆగిపోతుంది,
లేకపోతే మీరు రాత్రి ఎక్కడ పడుకున్నదీ నాకు కనిపిస్తుంది.
కాసేపు మేక ఒక్కటే మాట్లాడింది.
"అయితే మా నీళ్ళూ కనిపిస్తాయా?
ఈ ఏడు సరస్సు తొందరగా వెనక్కి పోతోంది.
వరద ఎప్పుడొస్తుందో కాస్త చూసి చెప్పు."

అది ఎక్కడో చెబుతుందండీ, ఏమిటో చెప్పదు.
నా మాట ఫ్రెంచిలోకి ఎలా వెళ్ళిందో,
బోజోలోకి ఎలా దిగిందో,
ఆయన నవ్వాడు.
గుడ్డ మాత్రం కప్పలేదు.

ఏప్రిల్. మా సరస్సుమీద మంచు ఇంకా బూడిదరంగులోనే.
పైన్ చెట్టు కింద పాత బైనాక్యులర్‌తో
మెడ పట్టేసేదాకా నిలబడుతున్నాను.
గూట్లో పోయినేటి పుల్లలు.
ఇంటికొచ్చి, తెరవకూడదు అనుకుంటూనే తెరుస్తాను.
చుక్క నిన్నటికంటే ఆరువందల మీటర్లు లోపలికి జరిగింది.
నీళ్ళ వెనకాలే వెళ్తున్నాడు బామోయ్.